స్వెటొజార్ నోరు మూసుకున్న రోజు

శనివారం పొద్దున స్లాజానా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఒక్క పూట సందడి లేకుండా ఉండాలి, అంతే. తను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అది ఒక్కసారి కూడా కుదరలేదని ఆమెకూ తెలుసు. అయినా కొడుకు కోసం పట్టుబట్టింది.

కొడుకు పేరు రెల్యా. మూడో ఏడు నిండబోతోంది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని పరీక్షలో తేలింది. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పెరట్లోంచి పరిగెత్తుకొస్తాడు. బంతి తెమ్మంటే తెస్తాడు, తలుపెయ్యమంటే వేస్తాడు. నోరు మాత్రం విప్పడు. స్పీచ్ డాక్టరమ్మ ఇవోనా వేసవి మొదట్నుంచీ చూస్తోంది. సోమవారం మళ్ళీ వస్తానంది. అప్పటికీ ఏ కదలికా లేకపోతే వాణ్ణి నీష్ నగరంలోని పెద్ద కేంద్రానికి పంపాలి. రోజూ తీసుకెళ్ళి తీసుకురావడం అయ్యే పని కాదు కాబట్టి స్లాజానా కుట్టు ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, పిల్లాడితో అక్కడే గది తీసుకుని ఉండాలి. మొగుడు నెనాద్ ఇక్కడ, పెళ్ళాం బిడ్డ అక్కడ.

ఇవోనా క్రితం వారం ఇంటికొచ్చి, ఓ మూల కుర్చీ వేసుకుని, కాసేపు అందర్నీ ఊరికే గమనించింది. అంతసేపూ టీవీ ఆగలేదు. టీవీ అన్నా మధ్యలో ఊపిరి తీసుకుంటుంది గానీ, రెల్యా తాత స్వెటొజార్ అదీ తీసుకోలేదు. పిల్లాడు బల్ల మీది కూజా వంక చూశాడు.

"రెల్యా, నీకేం కావాలి?" అంది ఇవోనా.

"నీళ్ళు," అన్నాడు తాత. "చల్లటివి కాదు, మామూలువి. నీలం గ్లాసులో."

"నేను రెల్యాని అడిగాను తాతగారూ."

"వాడూ అదే అంటున్నాడు."

"వాడు ఏమీ అనలేదండీ."

"అనబోతున్నాడు కదమ్మా. పసివాడికి ఎందుకంత శ్రమ?"

ఇవోనా నవ్వి పుస్తకం మూసింది. "ముందు ఆ టీవీ కట్టెయ్యండి. 'మాట్లాడు, మాట్లాడు' అని వాడి వెంట పడకండి. నేల మీద వాడి ఎత్తుకి దిగండి. వాడు చూస్తున్న వస్తువు గురించి వాడి మొహం చూస్తూ ఒక్క చిన్న మాట అనండి. అని ఆగండి. ఓ గుటక కాఫీ తాగినంత సేపు ఆగండి చాలు. ఆ ఖాళీ వాడిది. దాన్ని మీరు నింపేస్తున్నారు."

మీరు అన్నప్పుడు ఆమె ఎవరి వంకా చూడలేదు. మిగతా అందరూ స్వెటొజార్ వంక చూశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ముసలాయన సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. "అంటే వాడి మాటకి నేనే అడ్డమన్నమాట," అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆయనకి అదే ఎక్కువ నొప్పి పుట్టించింది. "సరే. శనివారం తెల్లారకముందే కొండ మీదికి పోతాను. మిలున్ గాడి సారా బట్టీ దగ్గర రాకియా కాచుకుంటాను. అప్పట్నుంచి వాడు నోరు విప్పేదాకా ఈ గడప లోపల నేను నోరు విప్పను. ఒట్టు."

"ఎవరి మీద?" అంది భార్య దేసాంకా.

"నీ మీద."

"నా మీదైతే మర్నాటికే తప్పుతావు. ఆ రాకియా మీద వెయ్యి."

వేశాడు. శనివారం చీకటితోనే వెళ్ళిపోయాడు. సిగ్గుతో వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆయన జీవితంలో వీధికి చెప్పకుండా చేసిన పని అదొక్కటే. కొంప మునిగింది కూడా అక్కడే.

తెల్లారాక స్లాజానా టీవీ తీగ పీకేసింది. ఫోన్లన్నీ ఆపేసి రొట్టెల డబ్బాలో పడేసింది. రోడ్డు మీద లారీ కనిపిస్తే పిల్లాడి చూపు అటు పోతుందని కర్టెన్లు దించింది. దేసాంకా అప్పటికే ఊరగాయలకని గుర్రపుముల్లంగి తురిమింది. ఘాటులో అది ఉల్లిపాయకి తాత. దాంతో అత్తాకోడళ్ళ కళ్ళు నాలుగూ ఎర్రబడి కారుతున్నాయి. ఆదివారం చుట్టాలింట్లో బాప్తిస్మం ఉందని ముసలాయన నల్ల సూటు బీరువాలోంచి తీసి, కలరా ఉండల వాసన పోవాలని దేసాంకా పెరటి తీగ మీద ఆరేసింది. తర్వాత నెనాద్‌తో కలిసి ముగ్గురూ సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క ట్రాక్టరుతో ఆడుకుంటున్న రెల్యా మీదికి తలలు వంచారు.

"ట్రాక్టర్," అన్నాడు నెనాద్. ఆగాడు.

రెల్యా చక్రం తిప్పాడు.

ఎదురింటి జగోర్కాకి పొద్దున్నే ఏదో తేడాగా అనిపించింది. ఏళ్ళ తరబడి ఆవిడ సొంత రేడియో కొనుక్కోలేదు. స్వెటొజార్ టీవీ వార్తలు తన వంటింట్లోకి ఉచితంగా వినబడుతుంటే దండగ ఎందుకని. ఈ పూట వార్తలు లేవు. గేటు ముందు ఆయన కూర్చుని వచ్చేపోయే వాళ్ళందర్నీ పట్టుకునే బెంచీ ఖాళీ. తలెత్తి చూస్తే తీగ మీద నల్ల సూటు. నన్ను ఈ సూటులోనే పాతిపెట్టాలి అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో ఆవిడకి తెలుసు. ఆవిడకే కాదు, పోస్టుమాన్‌కి కూడా తెలుసు.

రోడ్డు దాటి కర్టెన్ సందులోంచి తొంగి చూసింది. కుటుంబమంతా మోకాళ్ళ మీద, తలలు వంచుకుని ఉంది. మధ్యలో ఏముందో సోఫా అడ్డొచ్చి కనబడలేదు. మెల్లిగా తలుపు తట్టింది. స్లాజానా జానెడు తెరిచింది. కళ్ళు చింతనిప్పులు. సరిగ్గా అప్పుడే లోపల రెల్యా "మ్" అన్నాడు. స్లాజానా పెదాల మీద వేలు పెట్టుకుని, లోపలికి చూపించి, తలుపు దగ్గరగా వేసేసింది.

ఇలాంటప్పుడు వివరాలు అడగడం మర్యాద కాదు. జగోర్కా శిలువ గీసుకుని, కాఫీ ప్యాకెట్టూ చక్కెర డబ్బానూ కొనడానికి మిత్కో కొట్టుకి వెళ్ళింది. పరామర్శకి ఒట్టి చేతులతో పోకూడదు కదా.

"స్వెటొజార్ మామ పోయాడా? ఎలా?" అన్నాడు మిత్కో.

"నిద్రలోనే అయ్యుంటుంది. మెలకువగా ఉంటే అరిచి వీధంతా పోగు చెయ్యడూ?"

మిత్కోకి అది నూటికి నూరు పాళ్ళూ సబబుగా తోచింది. అతను కొట్టు వెనక గదిలో చావు నోటీసులు కూడా అచ్చేస్తాడు. ఫోటో కోసం చేపలు పట్టేవాళ్ళ క్లబ్బుకీ కబురు పెట్టాడు, వేటగాళ్ళ సంఘానికీ పెట్టాడు. ప్రతి ఫోటోలోనూ మామ నోరు తెరిచే ఉంది. చివరికి సైన్యంలో చేరినప్పటిది ఒకటి దొరికింది. అందులో నోరు మూసుంది గానీ, ఆయనేనని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. వ్యవధి లేదని అదే వేసి, వీధిలో స్తంభం స్తంభానికీ అంటించాడు.

ఇంట్లోవాళ్ళని ఎవరూ ఏమీ అడగనవసరం లేకపోయింది. తన అంత్యక్రియల గురించి స్వెటొజార్ ఆ బెంచీ మీద కూర్చుని చెప్పని ముక్క లేదు. ఏ వరసలో ఎవరు నడవాలో, బాకాల మేళం ఏ పాట వాయించాలో, చావు భోజనానికి వండే బీన్స్‌లో మిరప్పొడి ఎంత పడాలో ఊరికి కంఠతా వచ్చు. పదకొండయ్యేసరికి ఒకావిడ బీన్స్ పొయ్యెక్కించింది. ఇంకొకాయన మేళానికి కబురు చేశాడు. ఫాదర్ స్పసోయె నల్ల అంగీ ఇస్త్రీ చేయించుకున్నాడు.

జనం రావడం మొదలైంది. తలుపు తోసుకుని ఒక్కొక్కరే అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, కిక్కురుమనకుండా గోడ వారగా నిలబడ్డారు. శవపేటిక కనబడకపోతే శ్మశానంలో శవాల గదికి తీసుకెళ్ళుంటారని జగోర్కా అందరి చెవుల్లో చెప్పింది.

నెనాద్ కళ్ళు చెమర్చాయి. "చూశావా," అన్నాడు భార్య చెవిలో. "మన బుజ్జిగాడి కోసం ఊరంతా వచ్చి నోరు మూసుకుని నిలబడింది. మనుషులంటే వీళ్ళు."

"నేనే సైగ చేశాను జగోర్కా పిన్నికి. చప్పుడు చెయ్యొద్దని," అంది స్లాజానా, వెక్కి.

ఆ వెక్కు విని గోడ వారగా ఇద్దరు ముగ్గురు ముక్కులు చీదారు.

ఫాదర్ స్పసోయె వచ్చి నెనాద్ భుజం తట్టాడు. "గుండె దిటవు చేసుకో నాయనా. ఎప్పుడనుకుంటున్నారు?"

"సోమవారం ఫాదర్ గారూ. డాక్టరమ్మ వచ్చి చూశాక."

"సోమవారమా? ఈ ఎండల్లో అందాకా ఉంచుతారా?"

"ఇబ్బందేం లేదండీ. ఫ్యాన్ పెడతాం."

ఫాదర్ గారు దాని గురించి చాలాసేపు ఆలోచించాడు.

దేసాంకా బాధ వేరు. ఆ ఇంట్లోకి బూట్లతో ఎవరూ అడుగుపెట్టకూడదు. గుమ్మంలోనే విప్పి, ఆవిడ వరసగా పేర్చిన ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. చావింట్లో మాత్రం ఆ పట్టింపు ఉండదు కాబట్టి జనమంతా బూట్లతోనే తివాచీ ఎక్కారు. ఏళ్ళ తరబడి గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన వాడికల్లా "బూట్లు విప్పు" అని చెప్పిన మనిషి ఇప్పుడు పళ్ళు బిగబట్టి కూర్చుంది. మాట్లాడితే మనవడి ఖాళీ పోతుంది. అది చాలనట్టు, మిత్కో రాకియా గ్లాసు తీసుకుని పోయినవాడి ఆత్మకని నాలుగు చుక్కలు తివాచీ మీద ఒలకబోశాడు. తర్వాతివాడూ పోశాడు. దేసాంకా ముఖం దుఃఖంతో అలా మెలికలు తిరుగుతోందని అందరూ అనుకున్నారు.

రెల్యా ట్రాక్టరు వదిలేశాడు. వాడు బూట్ల వంక చూస్తున్నాడు. బూట్ల వంకా, నానమ్మ వంకా, మళ్ళీ బూట్ల వంకా. నానమ్మ ఏమీ అనదేం?

అప్పుడు బయట బాకాలు మోగాయి.

కొండ దిగి వస్తున్న స్వెటొజార్ వీధి మలుపులో ఆగిపోయాడు. స్తంభాల మీద ఎవరో కుర్ర సైనికుడు పోయినట్టు నోటీసులున్నాయి. పాపం అనుకున్నాడు. కళ్ళద్దాలు లేవు. ఆ తర్వాత చూస్తే తన గేటు ముందు మేళం. అదీ తనకిష్టమైన పాట. ఇంటి నిండా జనం. ఆయనకి ఒక్కటే తట్టింది. రెల్యా మాట్లాడాడు. మాట్లాడితే మరి, ఊరంతా పండగ చెయ్యదా?

బురద బూట్లతో గేటులోంచి పరిగెత్తాడు. ఆయన్ని చూసిన బాకాలు ఒక్కొక్కటే కీచుమని ఆగిపోయాయి. గడప దగ్గరికొచ్చేసరికి ఒట్టు గుర్తొచ్చింది. వాడి మాట తన చెవులతో వినేదాకా మాట్లాడకూడదు. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా, గది మధ్యలోకొచ్చి నిలబడ్డాడు.

జగోర్కా గోడకి అతుక్కుపోయింది. ఫాదర్ గారి చేతిలో కొవ్వొత్తి వంగింది. అదే ఆయన గట్టిగా ఏదన్నా వాగుతూ వచ్చుంటే బతికే ఉన్నాడని అందరూ అక్కడికక్కడే ఊపిరి పీల్చుకునేవాళ్ళు. స్వెటొజార్ మాట్లాడకుండా నిలబడ్డాడు కాబట్టి, అది ఆయన దయ్యమే అనడంలో ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆ ఇల్లు కట్టిన నాటి నుంచీ అందులో అంత నిశ్శబ్దం లేదు.

రెల్యా లేచాడు. తివాచీ మీది బురద చూశాడు. నానమ్మని చూశాడు. ఆవిడ పెదాలు బిగించుకునే ఉంది. ఇక లాభం లేదనుకుని వాడే తాత ముందుకి వెళ్ళి బూట్లకేసి వేలు చూపించాడు.

"తాతా. బూట్లు విప్పు."

గంట కొట్టినంత స్పష్టంగా అన్నాడు. గొంతు చిన్నదే గానీ ధోరణి అచ్చంగా నానమ్మది. గది నిండా ఉన్న జనం తమ కాళ్ళ వంక చూసుకుని, ఫాదర్ గారితో సహా గబగబా వంగి లేసులు విప్పడం మొదలుపెట్టారు.

స్వెటొజార్ నేల మీద కూలబడి ఒక బూటు లాగేశాడు. ఇప్పుడు మాట్లాడొచ్చు. ఒట్టు తీరింది. గొంతులో వారానికి సరిపడా మాటలు తోసుకొస్తున్నాయి. నోరు తెరిచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో మూసుకుని, మనవడి మొహంలోకి చూస్తూ, ఆగాడు.

"రెండోది," అన్నాడు రెల్యా.

స్లాజానా ఏడ్చింది. ఈసారి గుర్రపుముల్లంగి ప్రమేయం లేదు.

బీన్స్ వృథా పోలేదు. మేళం కూడా డబ్బు తీసుకుంది కాబట్టి సాయంత్రం దాకా వాయించింది, చావు పాట కాస్త వేగం పెంచి. స్వెటొజార్ కళ్ళద్దాలు పెట్టుకుని తన నోటీసు చదివాడు. "సుదీర్ఘ జీవితం గడిపి నిశ్శబ్దంగా కన్నుమూశారు," అని ఉంది.

"ఇది ఎవడు రాశాడురా?"

"నేనే మామా," అన్నాడు మిత్కో. "అందరికీ అదే వేస్తాం."

"నిశ్శబ్దంగా అట. ఊరు నవ్వదూ? నేను నిజంగా పోయినప్పుడు ఆ మాట తీసెయ్యి."

సోమవారం ఇవోనా గుమ్మంలో అడుగుపెట్టగానే రెల్యా ఆమెకీ అదే ఆజ్ఞ జారీ చేశాడు. ఆమె మురిసిపోతూ చెప్పులు విప్పి, వాడితో నేల మీద చాలాసేపు ఆడింది. లేచేటప్పుడు చెప్పింది. నీష్ వెళ్ళే పని లేదు, వారానికోసారి తనే వస్తుంది, మీరు మాత్రం ఇలాగే సాగించండి అని.

"ఇంతకీ నేను చెప్పినవాటిలో ఏది పనిచేసిందంటారు?" అంది, పుస్తకం తెరిచి.

దేసాంకా కాఫీ పోస్తూ చెప్పింది.

"ఏముందమ్మా. ఒక పూట మా ఆయన్ని చంపాం."

స్వెటొజార్ ఏదో అనబోయి, ఓ గుటక కాఫీ తాగాడు.