మా అక్క రక్తకణాలూ, మిగిలిపోయిన ఇడ్లీ పొట్లమూ

మనిషి జ్ఞాపకశక్తి ఎలా ఉందో ఆ మనిషినే అడిగి తెలుసుకోవడం శుద్ధ అనాగరికం! ఇకమీదట రక్తాన్నే అడగాలి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదనకు సిద్ధం.

మీరూ పేపర్లో చదివే ఉంటారు. రక్తకణాల తీరులో అల్జీమర్స్ జబ్బు ఆనవాళ్లేమైనా కనిపిస్తాయా అని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారట. కనిపించినా అవి ఆనవాళ్లు మాత్రమేనని, వాటిని బట్టే జబ్బు ఉందని తేల్చేయకూడదని కూడా వాళ్లే అంటున్నారు. పాపం, మరీ మొహమాటస్థులు! మా తెనాలి, రేపల్లె వైపు ఒక్క ఆనవాలు దొరికితే చాలు, మిగతా జబ్బంతా మేమే సమకూరుస్తాం.

దీనివల్ల ఎన్ని లాభాలో ఆలోచించండి. పెళ్లికి పిలవడం మరిచిపోయిన చుట్టాన్ని నిలదీయక్కర్లేదు. వేలు పొడిస్తే చాలు. "తెల్లకణాలు తేడా చేశాయి బావా, అందుకే నీకు కార్డు అందలేదు" అంటాడు. ఇద్దరి పరువూ నిలుస్తుంది! ఎక్కం మరిచిపోయిన పిల్లాడికి కర్లపాలెం బళ్లో గోడకుర్చీ వేయించే పని లేదు, సిరంజి తెప్పిస్తే సరి. ఎన్నికలయ్యాక మా నగరం మండలం వైపు దారి మరిచిపోయే నాయకుల కోసం ఊరికో ల్యాబ్ పెట్టించాలి. వాళ్లకి ఎర్రకణాలు చాలకపోతే ఓటర్లు ఇస్తారు. ఇచ్చే అలవాటు ఎటూ ఉంది.

ఇదంతా నా ఊహ అనుకునేరు. మా ఇంట్లోనే జరిగింది.

మా అక్క పేరు సామ్రాజ్యం. ఆవిడకి డెబ్బై మూడేళ్లు. టీచరుగా రిటైరై, రేపల్లెలో కొడుకు ఆదాము, కోడలు మనీషాతో ఉంటోంది. పోయిన నెల ఆ ఇంట్లో పాలు పొంగిపోయాయి. అప్పుడు అక్క గేటు దగ్గర కూరగాయలు బేరం చేస్తోంది. కొడుకూ కోడలూ పొయ్యికి మూడడుగుల దూరంలో ఫోన్లు చూసుకుంటున్నారు. మరి పాల సంగతి మరిచిపోయింది ఎవరు? ఇంకెవరు, డెబ్బై మూడేళ్లావిడే! రక్తపరీక్షలో సంగతి తేలేదాకా వంటింట్లోకి రావద్దని ఆవిడకి చెప్పేశారు.

"నా వంటిల్లు నాకిచ్చేస్తే చాల్రా తమ్ముడూ. ఎంత రక్తం కావాలంటే అంత తీసుకోమను" అంది అక్క నాతో.

బాపట్లలో ఉండే నన్ను పెద్దదిక్కుగా పిలిపించారు. కార్లో నలుగురం తెనాలి వెళ్లి ఓ ల్యాబ్‌లో దిగాం. పరగడుపున రమ్మన్నారని అక్క కాఫీ కూడా ముట్టుకోలేదు. నాలుగు సీసాల రక్తం తీశారు. ఒక్కో సీసాకి పేరు, వయసు, బార్‌కోడ్ అంటించి భద్రంగా ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ శ్రద్ధ చూసి నా కడుపు నిండిపోయింది. అయినా దారిలో తినడానికి నాలుగు ఇడ్లీ పొట్లాలు కట్టించాను.

మా ఇళ్లలో ప్రార్థన చేయకుండా బండి కదలదు. నేను సంఘ పెద్దను కాబట్టి ఆ పని నాదే. ముందు సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను. స్టీరింగ్ పట్టుకుని ఆదాము, వెనక సీట్లో మనీషా కూడా మూసుకున్నారు. "ప్రభువా, వెనక కూర్చున్న మా అక్కకి జ్ఞాపకశక్తి దయచేయి, ఆమెను క్షేమంగా ఇల్లు చేర్చు" అని కన్నీళ్లతో వేడుకున్నాను. నా ప్రార్థన కాస్త పొడుగు. ఆమెన్ అనగానే ఆదాము బండి తీశాడు.

వేమూరు దాటి, భట్టిప్రోలు దగ్గర చెట్టు నీడన ఆగి ఇడ్లీలు తిన్నాం. ఒక పొట్లం మిగిలింది.

"ఎవరండీ తిననిది?" అంది మనీషా.

"నేను తిన్నాను" అన్నాడు ఆదాము.

నేనూ తిన్నాను. ఇడ్లీవాడు ఒకటి ఎక్కువ కట్టాడేమోనని కూడా కాసేపు చర్చించుకున్నాం. ఆ తర్వాత వెనక సీటు వైపు చూశాం. సీటు మీద అక్క చేతిసంచీ ఉంది. సంచీ ఉంది కదా, అత్తయ్యా ఉందనుకుందట మనీషా!

వెనక్కి పరిగెత్తాం. అక్క ల్యాబ్ బెంచీ మీద కూర్చుని, సూది గుచ్చిన చోట దూదిని ఇంకా నొక్కి పట్టుకునే ఉంది. అక్కడి అమ్మాయి ఇచ్చిన బిస్కెట్టు తింటోంది.

"బాత్రూముకెళ్లొస్తానని మనీషాకి చెప్పే వెళ్లానుగా. వచ్చేసరికి కారు లేదు" అంది. ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు.

రేపల్లె చేరేసరికి ఆ మాట "అమ్మ ఎక్కడికో వెళ్లిపోయింది" అయింది. ఆదివారం గుళ్లో "కారెక్కడం మర్చిపోయిందంట" అయింది. నేను విన్నాను. ఖండించడానికి అది సమయం కాదనిపించింది.

వారానికి రిపోర్టు వచ్చింది. ఎర్రకణాలు, తెల్లకణాలు అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. ఆదాము ముఖం చిన్నబోయింది. అంత దూరం వెళ్లి తీయించిన రక్తం ఇలా చేస్తుందనుకోలేదు!

ఆ కాగితాలు పట్టుకుని బాపట్లలో ఓ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టేశారు.

"దీన్నిబట్టి ఏమీ చెప్పలేమండి. ఇంట్లో ఎలా ఉంటున్నారు? మతిమరుపు కనిపించిన సందర్భాలేమన్నా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్" అన్నాడు ఆదాము. "ఓ రోజు పొయ్యి మీద పాలు మర్చిపోయింది. మొన్న తెనాల్లో ఏకంగా కారెక్కడమే మర్చిపోయింది."

డాక్టరుగారు రెండూ రాసుకున్నారు.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా రాజూ. నేను ఎక్కడం మర్చిపోయానా, మీరు నన్నొదిలేసి వెళ్లారా? ఆ రోజు ప్రార్థన చేసింది నువ్వేగా."

చెబితే వంటిల్లు అక్క చేతికొస్తుంది. చెబితే, ఖాళీ సీటు కోసం పావుగంట కన్నీళ్లు కార్చిన సంఘ పెద్ద ఎవరో కూడా ఆ కాగితం మీదకి ఎక్కుతుంది. నాకు చాలా సిగ్గేసింది.

"నాకంత గుర్తులేదక్కా" అన్నాను.

అక్క చూపు తిప్పుకుంది. ఆవిడని ఒంటరిగా పొయ్యి దగ్గరికి పంపవద్దని డాక్టరుగారు రాసిచ్చారు.

నా రక్తం మాత్రం ఎవరూ అడగలేదు.