కండల కరుణాకరం

కండలు లేని బొమ్మ బొమ్మే కాదు! ఈ మాట అన్నందుకు మార్కాపురం పెద్దలు నన్ను తిట్టుకున్నా సరే. మా వీధి కరుణాకరం మన తాలూకాలకు దొరికిన వరమని రుజువు చేస్తాను.

మద్రాసులో అచ్చయ్యే బొమ్మల వారపత్రికలో ఉక్కయ్యను మీరు చూసే ఉంటారు. లాగు మీద గోచీ బిగించి, మొహానికి ముసుగేసుకుని, నల్లమల మీద ఎగురుతుంటాడు. ఆ ఉక్కయ్యను గీసేది మా కరుణాకరమే. వారం వారం గీసీ గీసీ, పాపం, వాడి చేతికి ఇంకో ఆకారం రాకుండా పోయింది. ఎంత అదృష్టం!

కాఫీ హోటలుకు బోర్డు రాయమంటే ఇడ్లీకి కండలు పెట్టాడు. తిన్నవాళ్ళు నిజమేనన్నారు. కురిచేడు సంతలో పొట్టేలు బొమ్మ వేస్తే, జనం పొట్టేళ్ళను వదిలి బొమ్మకే బేరమాడారు. మలేరియా ఆఫీసువాళ్ళు గోడ మీద దోమను వేయించారు. ఆ రొమ్ము, ఆ భుజాలు! ఊరు ఊరంతా క్వినైను మానేసి దోమకు టెంకాయ కొట్టింది. కళకు ఇంతకన్నా ఏం కావాలండీ?

నా భార్య శ్రీశైలమ్మ పోయి రెండేళ్ళు. ఫోటో ఒక్కటీ లేదు. మొహం మరిచిపోతానేమోనని భయమేసింది. ఆమె చేతి సంగటి తిని పెరిగినవాడు కదా అని కరుణాకరాన్నే బొమ్మ గీయమన్నాను. గీసి తెచ్చాడు. చంకలో ఎద్దు, వీపున ఎగిరే దుప్పటి, మొహానికి ముసుగు!

“ఏందిరా ఇది? మీ అత్తా, పహిల్వానా?”

“అత్తే మామా. ఎద్దు బాయిలో పడితే తాడేసి లాగినదెవురు? నువ్వా?”

“ముసుగన్నా తియ్యరా!”

“తీస్తే ఎవురో అందరికీ తెలిసిపోదా?”

అంతటితో ఊరుకున్నాడా? ఆ బొమ్మను మద్రాసుకు పంపాడు. ఇప్పుడు మా శ్రీశైలమ్మ ‘ఉక్కమ్మ’! ఉక్కయ్యను అడిగే నాథుడు లేడు. ఒక వారం మబ్బులను మెడపట్టి వానల్లేని కొనకనమిట్లకు ఈడ్చుకొచ్చింది. ఇంకో వారం గిద్దలూరు దగ్గర పట్టాలు తప్పిన రైలును భుజాన మోసింది. ఊళ్ళన్నీ చల్లగా ఉన్నాయి. ఇది వరం కాదనే మూర్ఖుడెవడు?

వారం వారం పత్రిక కొని చివరి పేజీదాకా వెతుకుతాను. ఎక్కడెక్కడో దిగుతుంది. మా మార్కాపురంలో మాత్రం దిగదు.

మొన్న కరుణాకరం మా ఇంటికి వస్తే పట్టుకున్నాను. “ఒక్కసారి ఆమెను ఇంటికి పంపరా.”

వాడు పొయ్యి కేసి చూశాడు, నా కేసి చూశాడు.

“మీ ఇంట్లో ఆపదేముంది మామా?”

సంగటి మాడుతున్న వాసన వాడికి తగల్లేదు కాబోలు!