నారింజ గోడ, నీలం దిండ్లు

మనిషి గోడ కట్టుకున్నది ఎండా వానా లోపలికి రాకుండా ఉండటానికనీ, దానికి రంగు వేసుకున్నది కంటికి ఇంపుగా ఉంటుందనీ పెద్ద పెద్ద పుస్తకాల్లో రాశారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లలో ఒక్కరైనా ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్న దాఖలా లేదు. కట్టుకుని ఉంటే, రంగులు ఏడు కావనీ మూడేననీ వాళ్లకు తెలిసివచ్చేది. మనోళ్ల రంగు, వాళ్ల రంగు, ఇంకా తేల్చుకోని రంగు. ఈ మూడోదాన్నే అంగళ్లలో క్రీము అని అమ్ముతారు.

మీనాక్షి కాపురం ఇరవయ్యేళ్లుగా క్రీము రంగులోనే జరుగుతోంది. ఆమె భర్త అనంతరామయ్య ఊళ్లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు (ఏ కార్యాలయమో రాయవద్దని ఆయన ప్రత్యేకంగా కోరాడు). ఆయన చొక్కాలు క్రీము, స్కూటరు క్రీము, మాట కూడా క్రీమే. ఎవరేమడిగినా "చూద్దాం లేప్పా" అంటాడు. ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి, ఆయన కుర్చీ మాత్రం కదల్లేదు. దానికి కారణం తన ఇంటి గోడలేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పని నిరూపించినవాళ్లు ఇంతవరకూ లేరు.

మీనాక్షి జమ్మలమడుగు హైస్కూల్లో లెక్కల టీచరు. రోజూ బస్సులో పోయి వస్తుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా బడి గోడలకు రంగు మారడం చూసింది, ఆఖరికి మరుగుదొడ్డి తలుపుకు కూడా. తనను అడిగి ఎవరూ ఎప్పుడూ ఒక్క గోడకైనా రంగు వేయలేదని ఒక సాయంత్రం బస్సులో ఆమెకు ఉన్నట్టుండి తట్టింది. ఇంటి ముందుగదిలో గోడ ఒక్కటి, నారింజ రంగులో ఉండాలి. అలిసిపోయి వచ్చి తలుపు తీయగానే ఆ గోడ తనను "రా, కూర్చో" అనాలి. చూసినవాళ్లలో ఎవరైనా ఒక్కరు "బాగుంది" అనాలి. ఆమె కోరిక మొత్తం ఇంతే.

పెయింట్ల అంగడివాళ్ల యాప్ ఒకటుంది. మన గోడ ఫోటో పెడితే దానికి రంగు వేసి చూపిస్తుంది. మీనాక్షి గోడకు నారింజ వేసి చూపించి అది ఊరుకోలేదు. నారింజకు సరైన జోడీ నీలమనీ, రంగుల చక్రంలో ఈ రెండూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి వెలిగిస్తాయనీ, కనుక నీలం దిండ్లు నాలుగు, నీలం కర్టెన్ ఒకటి పెట్టుకోమనీ సలహా ఇచ్చింది. (యాప్ చేసినవాళ్లు బెంగుళూరు పిల్లలు. ఎదురెదురుగా ఉండేవాళ్లను పక్కపక్కన కూర్చోబెడితే మా వైపు ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు.)

ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు. అనంతరామయ్య ఈ సంగతి విని, ముందు లేచి వీధి తలుపు వేశాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

"ఆరెంజా? మతి ఉండే మాట్లాడుతాండావా?"

"లోపలి గోడే గదండీ. ఎవురికేం పని?"

"లోపలి గోడే. తలుపు తీస్తే కనపడదా?"

గోడలకు చెవులుంటాయనేది పాత మాట. ప్రొద్దుటూరు గోడలకు జెండాలు కూడా ఉంటాయని ఆయన చాలాసేపు విడమరిచి చెప్పాడు. మీనాక్షి అంతా విని, "ఇరవయ్యేండ్లు మీ రంగులో ఉన్నా. ఒక్క గోడ నాది" అంది. ఈసారి "చూద్దాం లేప్పా" చెల్లదని ఆయనకు అర్థమైంది. వీధి తలుపు ఎప్పుడూ ఓరగానే తీసి ఉంచాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

పెయింటరు అమీర్ బాషా వచ్చాడు. పుట్టీ పెట్టి, ప్రైమరు కొట్టి, నారింజ డబ్బా మూత తీయబోతూ ఆగాడు.

"అమ్మా, పైనుంచి చెప్పినారా?"

"పైనుంచి ఎవురు బాషా?"

"అదే... వాళ్లు."

"ఎవురూ చెప్పలే. నాకిష్టమని వేయిస్తాండా."

అమీర్ బాషా నాయకుల ఇళ్లకు వేశాడు, నాయకుల బావమరదుల ఇళ్లకు వేశాడు, ఓడిపోయినవాళ్ల ఇళ్లకు రాత్రికి రాత్రి చెరిపి వేశాడు. ఇలాంటి కారణం మాత్రం ఇంతవరకూ వినలేదు. "చెప్పకూడనిదైతే వద్దులేమ్మా. నేనేమన్నా పరాయోన్నా?" అని నొచ్చుకుంటూ రోలరు అందుకున్నాడు.

గోడ పూర్తయింది. సాయంత్రం కిటికీలోంచి ఎండ దాని మీద పడగానే మీనాక్షి చేతిలో పని వదిలేసి వచ్చి దాని ముందు నిలబడింది. అంత సంతోషం వేసింది. నీలం దిండ్లు తెచ్చి దాని ముందున్న సోఫాలో సర్దింది, కిటికీకి నీలం కర్టెన్ కట్టింది. యాప్ అబద్ధం చెప్పలేదు. ఇక ఎవరో ఒకరు వచ్చి బాగుందనడమే మిగిలింది.

వచ్చినవాడు నారాయణ. ఆయన ఆ వార్డుకు వర్ణ సమన్వయకర్త. ఈ పదవి ఏ జీవోలోనూ లేదు, ఉందని ఆయన అంటే కాదన్నవాళ్లూ లేరు. భూములు పెండ్లిమర్రి దగ్గర, పెత్తనం ప్రొద్దుటూరులో. ఇప్పటికి అన్ని రంగుల కండువాలూ కప్పుకున్న మనిషి కాబట్టి రంగుల మీద ఆయన మాటే చివరిది. ఓరగా ఉన్న తలుపును కాలితో బార్లా తెరిచి లోపలికి వచ్చి అనంతరామయ్యను నిలదీశాడు.

"ఏంది సామీ, చెప్పాపెట్టకుండా చేరిపోతివే?"

"యాడికీ చేరలేదప్పా. లోపలి గోడ..."

"వీధిలోంచి కనపడే లోపలి గోడ, బయటి గోడ కిందికే వస్తాది. రూలు."

అనంతరామయ్యకు దేవుడు గుర్తొచ్చాడు. "అది గండి ఆంజనేయస్వామి సింధూరం రంగప్పా. మొక్కుకుంటిమి" అన్నాడు.

నారాయణ గోడను పరీక్షించాడు. వాకిట్లోంచి చూస్తే ముదిరిన పసుపులా ఉంది. కిటికీ పక్కనుంచి చూస్తే వెలిసిన కాషాయంలా ఉంది. ట్యూబులైటు వేయించి ఒకసారి, ఆర్పించి ఒకసారి చూశాడు. తేలలేదు. అలిసిపోయి సోఫాలో కూర్చున్నాడు. వెంటనే ఏదో కుట్టినట్టు లేచి, తాను దేని మీద కూర్చున్నాడో చూశాడు.

"మరి ఈ నీలం?"

"కృష్ణుడు" అన్నాడు అనంతరామయ్య, చెమట తుడుచుకుంటూ.

ఇక చాలనిపించింది మీనాక్షికి. "కృష్ణుడూ లేదు, ఆంజనేయుడూ లేదు నారాయణన్నా. నారింజకు నీలం జోడీ. రెండూ పక్కపక్కన ఉంటే బాగుంటాయి. అంతే" అంది.

నారాయణ మొహం మారిపోయింది. గొంతు తగ్గించి, "జోడీనా? పైన మాట్లాడుకున్నారా?" అన్నాడు. తర్వాత తనలో తానే లెక్క తేల్చుకున్నాడు. "సామి ఇన్నేండ్లు క్రీము దాటని మనిషి. అట్లాటోడు రంగు వేసినాడంటే ఉత్తపుణ్యానికి వేయడు. ఆపీసులో ఏదో కాయితం చూసినాడు. అంటే పొత్తు అయిపాయ!" ఒక దిండు తీసి గోడకు ఆనించి, ఫోటో తీసుకుని, వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు. బాగుందని మాత్రం అనలేదు.

పొద్దు గుంకకముందే పులివెందుల నుంచి ఫోను. మీనాక్షి తమ్ముడు సుధన్వ, అక్కడ కాలేజీలో గుమాస్తా.

"అక్కా, మీ గోడ ఫోటో చూసి ఈడ అందరూ నన్నే అడుగుతాండారు. నీలం వాళ్లకు ఎన్ని సీట్లంట?"

"సీట్లేందిరా? నేను కొన్నది నాలుగు దిండ్లు."

"నాలుగా? సరే సరే, అర్థమాయ. ఫోన్లో వద్దులే."

మరునాడు జమ్మలమడుగు టీ బంకుల్లో నాలుగు సీట్లు ఖాయమైపోయాయి. స్టాఫ్‌రూములో హెడ్మాస్టరు ఆమె పక్కకు కుర్చీ జరుపుకుని, "కర్టెన్ ఒకటేనంట గదమ్మా. అది ఎమ్మెల్సీనా?" అని అడిగాడు. కర్టెన్ కిటికీకని ఆమె చెప్పింది. ఎంత గుట్టు మనిషో అని ఆయన మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత మొదలైంది ముందుజాగ్రత్త. సుధన్వ తన హాలుకు నారింజ వేయించాడు. అది చూసి పులివెందులలో వాళ్ల వీధి, వీధిని చూసి ఊరు. ప్రొద్దుటూరు అంతకుముందే మారిపోయింది, జమ్మలమడుగులో పెండ్లికూతురి గది కూడా వదల్లేదు. అంగళ్లలో నారింజ అయిపోతే వల్లూరు వైపు రైతులు పసుపూ ఎరుపూ కొని పురుగుమందు డ్రమ్ముల్లో సొంతంగా కలుపుకున్నారు. నీలం గుడ్డ దొరక్క బడి పిల్లల యూనిఫాం గుడ్డతో దిండ్లు కుట్టించారు. "మీ ప్రాంతపు అభిరుచికి అభినందనలు" అని యాప్ అందరికీ మెసేజి పంపింది.

అనంతరామయ్యను చూసి ఆఫీసులో సూపరింటెండెంటు లేచి నిలబడటం మొదలుపెట్టాడు. దాంతో ఆయన వీధి తలుపు బార్లా తెరిచి, కదలకుండా ఇటుకరాయి పెట్టాడు. "మొదట్నించీ నాకు ఆ రంగంటే ఇష్టమే" అని కూడా ఒకరిద్దరితో అన్నట్టు మీనాక్షి విన్నది.

ఇంటికి జనం రాని రోజు లేదు. వస్తారు, దిండ్లు లెక్కపెడతారు, కాఫీ తాగుతారు, పోతారు. ఒకరోజు మీనాక్షి ఒక దిండు గలీబు ఉతికి ఆరేసింది. సీటు ఒకటి తగ్గించారని ఊరంతా గుప్పుమంది. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఆ తగ్గింది ఏ సీటో చెప్పమని పట్టుబట్టారు. తడి గలీబు తెచ్చి చూపిస్తే తప్ప కదల్లేదు. ఇంతమంది వచ్చినా ఆ గోడను గోడలాగా చూసినవాళ్లు లేరు. ఎవరి కళ్లకూ రంగు కనపడటం లేదని ఆమెకు శానా దిగులేసింది.

చివరికి ఆ రంగులు ఎవరెవరివో ఆ పార్టీలవాళ్లందరూ కడపలో విడివిడిగా ప్రెస్‌మీట్లు పెట్టి పొత్తు లేదని ఖండించారు. (ఖండించారు కాబట్టి ఉన్నట్టేనని, అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా నమ్మారు.) కానీ అభ్యర్థుల జాబితాలు వేరువేరుగా వచ్చేశాయి. ఆ ఆదివారం మూడు ఊళ్లలో క్రీము రంగు తప్ప ఇంకో రంగు అమ్ముడుపోలేదు. దిండ్ల గుడ్డ మళ్లీ యూనిఫాములయింది.

అమీర్ బాషా పిలవకుండానే క్రీము డబ్బాతో వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, అందరివీ అయిపాయ. మీదొక్కటే మిగిలింది."

"మిగలనీ బాషా."

"మొండి చేయద్దు మీనాక్షీ" అన్నాడు అనంతరామయ్య, ఇటుకరాయి తీసి తలుపు మళ్లీ ఓరగా వేస్తూ. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు."

"ఊరి కోసమా వేయించింది?" అంది మీనాక్షి.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. మీనాక్షి కాఫీ కలుపుకుని వచ్చి గోడ ముందు కూర్చుంది. ఎండ పడింది. గోడ వెలిగింది. రా, కూర్చో అన్నట్టే ఉంది. ఎన్నాళ్లకో ఆమె మనసు కుదుటపడింది. అనంతరామయ్య తన కుర్చీని ఆ గోడకు వీపు తిరిగేలా జరుపుకుని పేపరు చదువుకున్నాడు. వీధిలోంచి ఎవరైనా చూస్తే, ఆయన ఆ గోడను చూడటం లేదని తెలియాలి కదా.

పొద్దున్నే నారాయణ వచ్చాడు. ఈసారి తలుపు కాలితో తీయలేదు, వేలితో తట్టాడు. లోపలికి వచ్చి మీనాక్షికి రెండు చేతులూ జోడించాడు.

"టీచరమ్మా, ఇండిపెండెంటుగా నిలబడతాండారంట గదా?"

"ఎవురు చెప్పినారన్నా?"

"చెప్పేదేముంది, కనపడతాంది గదా. అందరూ మార్చినా మీరు మార్చలేదంటే వెనక బలం ఉండాల్సిందే. మనలో మాట, మీకు ఎన్ని ఓట్లున్నాయమ్మా?"

మీనాక్షి గోడ వైపు చూసింది.

"ఒకటి" అంది.

"అదేందమ్మా, సామిది కలిపితే రెండు గదా?"

"ఒకటే నారాయణన్నా. లెక్కలు చెప్పేదాన్ని, తప్పు చెప్పను."

నారాయణ అనంతరామయ్య వైపు తిరిగాడు. అనంతరామయ్య రీకౌంటింగ్ అడగలేదు.