ఏడో వార్డుకు భయపడ్డదెవరు?

"రాసుకో రిచర్డ్," అన్నాడు ఇంద్రకరణ్, కుర్చీలోంచి లేచి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటూ. "మెదక్ పట్నంల నేరం చేసేటోడు రెండు సంగతులు ఆలోచిస్తడు. ఒకటి, నేను ఊర్ల ఉన్ననా. రెండు, ఉంటె మేల్కొని ఉన్ననా."

రిచర్డ్ రాసుకోలేదు. అతని చేతిలో బ్రష్షుంది, ముందర నేలమీద పదహారడుగుల గుడ్డ ఉంది. కుల్చారం రోడ్డు మీద వంటావార్పుకు 'జై తెలంగాణ' అని బ్యానరు రాసివ్వాలి. ఇంకా 'జై' దగ్గరే ఉన్నాడు. సకల జనుల సమ్మె మొదలైన దగ్గర్నుంచి బస్సుల్లేవు, స్కూళ్ళు లేవు, ఆఫీసుల్లేవు. ఊరందరికీ పని పోయి, బోర్డులు రాసే రిచర్డ్ ఒక్కడికే చేతినిండా పని వచ్చిపడింది. కరెంటు కోత పుణ్యాన ఇంద్రకరణ్ జిరాక్సు మిషను ఆగిపోయింది. మిషను ఆగితే ఇంద్రకరణ్ మెదడు నడుస్తుంది. ఇది రిచర్డ్ ఇరవై ఏళ్ళుగా పడుతున్న బాధ.

షాపు మీద బోర్డు కూడా రిచర్డ్ రాసిందే: 'ఇంద్ర జిరాక్స్, లామినేషన్ మరియు నేర పరిశోధన'. ఇప్పటిదాకా నాలుగు కేసులు వచ్చాయి. మొదటి కేసులో పోయిన మేక సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చింది. రెండో కేసులో పోయిన కళ్ళజోడు ఫిర్యాదు చేసినాయన నెత్తిమీదే ఉంది. మూడో కేసులో ఇంద్రకరణ్ రాత్రంతా కాపు కాసి పట్టుకున్నది తన సొంత మేనమామను. నాలుగో కేసులో పోయింది ఇంద్రకరణ్ సొంత భూతద్దం. అది ఇంకా దొరకలేదు, కొత్తది కొన్నాడు.

సరిగ్గా అప్పుడే అనూప్ వచ్చాడు. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లాడు, ఎప్పుడూ నవ్వుమొహం. ఇవాళ మాత్రం కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంద్రన్నా, డిస్కు పోయింది."

"ఎవలు పోయిండ్రు?" అంటూ ఇంద్రకరణ్ టోపీ పెట్టుకున్నాడు.

"మనిషి గాదన్నా. గేమ్ డిస్కు. 'సెవెంత్ వార్డ్' రెండో భాగం. కృపాదానం అంకుల్ సెంటర్ల బీరువల ఉండె. ఈ పొద్దు చూస్తే లేదు."

జరిగింది ఇదీ. చర్చి వెనక గల్లీలో కృపాదానం అనే రిటైరైన గుమాస్తా నాలుగు కంప్యూటర్లతో ఒక గేమ్ సెంటరు నడుపుతాడు. పిల్లలందరూ 'ఏడో వార్డు' అని పిలుచుకునే దయ్యాల ఆట అక్కడ మహా ప్రసిద్ధి. పాడుబడ్డ దవాఖానా, చీకటి, చనిపోయినా డ్యూటీ దిగని ఒక నర్సు. మొదటి భాగం ఆడి జ్వరం తెచ్చుకున్నవాళ్ళున్నారు. మూడేళ్ళు ఎదురుచూశాక రెండో భాగం వచ్చింది. అనూప్ పుట్టినరోజుకని అతని చిన్ననాటి దోస్తు నగేష్ హైదరాబాదు నుంచి ఆ డిస్కు మోసుకొచ్చాడు. అది పెట్టిన రోజే ఇద్దరికీ చెడింది. బాగాలేదని నగేష్, బాగుందని అనూప్. ఆరు నెలలుగా ఊరి కుర్రాళ్ళు రెండు పార్టీలై, ఆ ఆటకు పడ్డ తిట్లు న్యాయమా అన్యాయమా అని కొట్టుకుంటున్నారు. పక్కన ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా ఒక్కటైన రోజుల్లో, ఆ నాలుగు కంప్యూటర్ల గదిలో మాత్రం ఐక్యత లేదు.

కంప్యూటర్లలో జాగా చాలక, రెండిట్లో ఒక్క భాగమే ఉంచుతానని కృపాదానం తేల్చేశాడు. ఇవాళ పంచాయితీ. రెండో భాగం తరఫున వాదించేది అనూప్.

"వాదనకు ముందు తియ్యబోతె డబ్బి ఖాళీ," అన్నాడు అనూప్. "నగేష్ గాడు మొన్ననే అందరి ముంగట అన్నడు, దీన్ని తీస్కపోయి ఏడుపాయల కాడ మంజీర నదిల పారేస్తనని. పారేసినా బాధ లేదన్నా. నాకు చెప్పకుండ పారేసిండు, అదీ."

బాధపడుతున్నది డిస్కు కోసం కాదని రిచర్డ్‌కు అప్పుడే అర్థమైంది. బ్రష్షు డబ్బాలో ముంచి లేచాడు. ఇంద్రకరణ్‌కు అర్థమైంది వేరు.

"నర్సు చనిపోయిందన్నవు. ఆమె ఊరేది?"

"ఆటల నర్సన్నా."

"నేరస్థులందరు మొదట్ల ఆట అనే అంటరు," అన్నాడు ఇంద్రకరణ్, బయటకు నడుస్తూ.

గేమ్ సెంటరులో కృపాదానం విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఓ మూల నగేష్ మొహం తిప్పుకొని కూర్చున్నాడు. ఇంద్రకరణ్ గుమ్మంలోనే ఆగి, నేలమీద మోకాళ్ళూని భూతద్దం పెట్టాడు.

"వారం రోజుల దుమ్ము. రిచర్డ్, రాసుకో. అడుగుల జాడ దొరకకుండ దొంగ దుమ్ము చల్లిపోయిండు."

"చల్లుడేం లేదయ్యా," అన్నాడు కృపాదానం. "ఊడ్చే ఆగమ్మది కుల్చారం దిక్కు. బస్సులు బందు గదా, వారం సంది వస్తలేదు."

"సాక్షులు మధ్యల మాట్లాడొద్దు."

కౌంటరు కింద బోర్లించిన రేకు డబ్బా లాగి, ఇంద్రకరణ్ దానిమీద ఠీవిగా కూర్చున్నాడు. కృపాదానం మళ్ళీ నోరు తెరిచాడు. "అది పాడైన డిస్కులేసే డబ్బా. శనివారం శనివారం ఆగమ్మనే అవి..."

"చెత్త ముచ్చట్లు తర్వాత చెప్పుండ్రి," అని అతన్ని ఆపేసి, ఇంద్రకరణ్ కౌంటరు మీది రిజిస్టరు అందుకున్నాడు. ఆటాడినవాళ్ళు తమ అభిప్రాయాలూ చిట్కాలూ రాసిపెట్టే పుస్తకం అది. తెరిచిన పేజీ చదువుతూ ఉంటే అతని మొహంలో రంగు దిగిపోయింది.

"'ముందుగాల నర్సును తుపాకితోని కాల్చాలె. మందుల గది తాళం పగులగొట్టాలె. లిఫ్టుల శవముంటది, బుగులు పడొద్దు, ఈ రెండోది ఎవల్ని భయపెట్టదు. సంతకం, నగేష్.' రిచర్డ్, ఇది డిస్కు కేసు గాదు. వీళ్ళు దవాఖాన మీద పడబోతున్నరు."

"అది మూడో లెవెలన్నా," అన్నాడు నగేష్.

"మూడు లెవెళ్ళల్ల కుట్ర," అన్నాడు ఇంద్రకరణ్. "రాసుకో."

ఇక లాభం లేదని రిచర్డే అడిగాడు. "నగేష్, నిజం చెప్పు. ఆ ఆట మీద నీకెందుకంత కోపం?"

నగేష్ అనూప్ వైపు చూడకుండా చెప్పాడు. "మొదటిదాంట్ల చేతిల టార్చి ఒక్కటే ఉంటుండె. అది గూడ ఆరిపోతుండె. నర్సు గంట ఇనబడితె పాణం గుప్పిట్ల పెట్టుకొని బల్ల కింద దూరేది. రెండోదాంట్ల హీరోకు మిషన్‌గన్ ఇచ్చిండ్రు. గన్నున్నోనికి దయ్యమంటె భయమేందన్నా? మూడేండ్లు ఎదురుచూస్తిమి. ఎదురుచూసినోనికే గదా కోపం."

"గన్నుండి గూడ బిడ్డను కాపాడుకోలేడు," అన్నాడు అనూప్ గోడతో. "అదీ భయమంటె. మూడో లెవెల్ల లేచిపోయినోనికి ఏం తెలుస్తది?"

"అన్నం ఉడికిందా లేదా చూడనీకి గంజు మొత్తం తినాల్నా?"

"తినకుంటె తినకపాయె. వండినోన్ని తిట్టుడెందుకు? ఎత్కపోవుడెందుకు?"

నగేష్ లేచి నిలబడ్డాడు. "నేను తెచ్చిచ్చిన దాన్ని నేనే ఎత్కపోతనారా? నామీద గంత నమ్మకం లేనోనితోని నాకేం దోస్తానా?"

పదిహేనేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళిద్దరూ ఒక ప్లాస్టిక్ బిళ్ళ దగ్గర తెగిపోతున్నారని రిచర్డ్‌కు నిజంగా బాధేసింది. ఇంద్రకరణ్ మాత్రం చిటికె వేశాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవడంటె భుజాలు తడుముకున్నడు. నడువుండ్రి ఏడుపాయలకు. నేరస్థునితోనే పారేసిన జాగ చూపెట్టిస్త."

స్కూటరు మీద ఇంద్రకరణ్, వెనక రిచర్డ్. ఇంకో బండి అనూప్‌ది ఒక్కటే ఉంది గనక నగేష్ దాని వెనకాలే ఎక్కాల్సి వచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా నగేష్ చెయ్యి అలవాటుగా అనూప్ భుజం పట్టుకోవడం, గుర్తొచ్చి తీసేసుకోవడం రిచర్డ్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

కుల్చారం దాపుల్లో రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు నిలబెట్టి, మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలెట్టారు. గరిటె పట్టుకున్న ఒక పెద్దాయన రిచర్డ్‌ను గుర్తుపట్టాడు.

"రిచర్డన్నా, బ్యానరేది?"

"'జై' అయిందన్నా," అన్నాడు రిచర్డ్ తల దించుకొని. "కడమది ఆరుతున్నది."

బండ్లు పోనివ్వలేదు. పక్కనున్న మక్కజొన్న చేల మధ్య బండ్లబాట పట్టుకొని పొమ్మన్నారు. ఆ బాటలో ఫర్లాంగు పోయారో లేదో, చేలోంచి ఒక వెలుగు తళుక్కుమని వచ్చి ఇంద్రకరణ్ కళ్ళలో పడింది. ఆరింది. మళ్ళీ పడింది.

"శత్రువు అద్దంతోని సిగ్నల్ ఇస్తుండు," అంటూ ఇంద్రకరణ్ ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో కళ్ళు పట్టుకున్నాడు. మూడో మెరుపుకు రెండు చేతులూ కళ్ళమీదికే పోయాయి. స్కూటరు దారి తప్పి, ముళ్ళకంచె దూకి, మక్కల్లోకి చొచ్చుకుపోయి, తడిపెట్టిన మడిలో మునిగింది. డిటెక్టివు పైన, అసిస్టెంటు కింద.

"ఎవడ్రా అది చేన్ల పడ్డది?" అంటూ మంచె మీంచి ఒక ముసలామె వడిసెల తిప్పుకుంటూ దిగింది. "మీరా సార్లు. పందులనుకొని రాయి పెట్టిన."

ఆమె గేమ్ సెంటరు ఊడ్చే ఆగమ్మ. మొహం మీది బురద తుడుచుకున్న రిచర్డ్‌కు ముందు కనిపించింది ఆమె, తర్వాత ఆమె నెత్తిమీదుగా కర్రలకు దారాలు కట్టి వేలాడదీసిన డిస్కులు. ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ గీతలు పడి మాసిపోయాయి. ఒక్కటి మాత్రం గాలికి తిరుగుతూ కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. అనూప్, నగేష్ బండి ఆపి పరుగెత్తుకొచ్చారు. మెరిసేదాని మీద నర్సు బొమ్మ ఉంది.

"అవ్వా, గిది నీ దగ్గరికెట్లొచ్చింది?" అన్నాడు అనూప్.

"మీ సెంటర్ల నుంచే, కొడుకా. పాడైనయన్ని నాకే ఇస్తడు గదా కృపాదానం సారు, పిట్టలకు కట్టుకొమ్మని. సమ్మె ముందు శనివారం తెచ్చిన."

"గిది పాడైంది కాదవ్వా. మంచిది."

ఆగమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "మంచిదైతె ఒక్కనాడన్న ఎవలన్న ముట్టాలె గద? బీరువ దినాం తుడిచేది నేను. కడమ వాటి మీద చెయ్యి ముద్రలుంటయి. దీని మీద దుమ్మే ఉంటుండె. రెండు నెలల సంది ఒక్క చెయ్యి పడలె. మీరు చూస్తె దినాం దాని మీదనే లొల్లి. లొల్లికి తప్ప దేనికి పనికొస్తలేదని నేనే తెచ్చుకున్న."

నగేష్ మెల్లగా అనూప్ వైపు తిరిగాడు. "నేనంటె ఆడలె. నువ్వెందుకు ఆడలేదురా?"

అనూప్ చెవులు కందిపోయాయి. "నీతోని వాదిచ్చుడుకే టైమంత పాయె."

రిచర్డ్‌కు నవ్వాగలేదు. ఆరు నెలలు దానికోసం ఊరు చీలిపోయింది, రెండు నెలలుగా తిట్టినవాడూ దాన్ని ముట్టలేదు, పొగిడినవాడూ ముట్టలేదు. చెయ్యి పడక గీత పడలేదు, గీత పడక అంత మెరుపు.

అప్పుడే పక్కచేనులోంచి చిలకల గుంపు లేచింది. కీచుకీచుమంటూ ఆగమ్మ కంకుల మీదికి వాలబోయింది. డిస్కు ఒక్కసారి తిరిగింది. ఎండ తగిలి వెలుగు విసిరింది. గుంపంతా ఒక్కమాటగా వెనక్కి తిరిగి, చెరువు దిక్కు పారిపోయింది.

"చూసిండ్రా?" అంది ఆగమ్మ. "కడమయి ఉన్నా లేకున్నా ఒకటే. గిదొక్కదానికే బుగులు పడుతయి. పోయినేడు సగం కంకులు తినిపోయినయి. ఈ యేడు నా చేను నిలబడ్డదంటె దీనితోనే. మీదైతె తీస్కపోండ్రి, నేనేం జేస్త."

అనూప్ కర్ర దగ్గరికి వెళ్ళి దారం పట్టుకున్నాడు. అతని వాదన, అతని పుట్టినరోజు కానుక, దోస్తు నిర్దోషి అన్న రుజువు, అన్నీ ఆ దారానికే వేలాడుతున్నాయి. కాసేపు నిలబడి, ముడి విప్పడానికి బదులు ఇంకోటి గట్టిగా వేశాడు.

"కోతైనంక తెచ్చియ్యి అవ్వా," అన్నాడు. తర్వాత నగేష్ ముందుకొచ్చి, "తప్పైందిరా," అన్నాడు. "నిన్ను అనరాని మాటన్న."

నగేష్ చిలకలు పోయిన దిక్కు చూస్తున్నాడు. "నాది గూడ తప్పేరా. భయపెట్టదని రాసిన గదా," అంటూ అనూప్ భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి తీసెయ్యలేదు.

మడిలో టోపీ వెతుక్కుంటున్న ఇంద్రకరణ్ తలెత్తాడు. "నేను ముందే అనుకున్న. అందుకే స్కూటర్ సరిగ్గ గీడ పడేసిన. రిచర్డ్, రాసుకో."

అక్టోబరు చివర్లో సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి, అప్పటికి మక్కల కోత కూడా అయిపోయింది. ఆగమ్మ మొదటి బస్సుకే వచ్చి నేలంతా ఊడ్చి, డిస్కు కౌంటరు మీద పెట్టింది. కృపాదానం రెండు భాగాలకూ జాగా చేశాడు, ఎక్కిద్దామనుకున్న కొత్త క్రికెట్ ఆట మానుకొని. డిస్కు తుడిచి పెడితే మొదటిసారి తిరగలేదు, రెండోసారి తిరిగింది.

"జరుగురా," అని నగేష్ అనూప్ పక్కనే కూర్చున్నాడు. "ఆఖరిదాక ఆడుత. అప్పుడు తిడత."

ఇంద్రకరణ్ ఇద్దరి మధ్యా దూరి, ఆధారం అసలుదో నకిలీదో తేల్చాలంటూ స్క్రీనుకు జానెడు దూరంలో భూతద్దం పెట్టాడు. దవాఖానా వరండా. ఎక్కడో గంట మోగింది. భూతద్దంలోంచి నర్సు మొహం గంపంత కనబడింది. తర్వాత ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చూడలేదు. కుర్చీ పడింది, తలుపు తెర చిరిగింది. గుమ్మం దగ్గర ఇంద్రకరణ్ చెప్పులు మాత్రం మిగిలాయి.

నగేష్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని, రిజిస్టరు రిచర్డ్ ముందుకు జరిపాడు. "అన్నా, నీ చేతిరాతతోనే రాయి."

ఇన్నేళ్ళలో మొదటిసారి రిచర్డ్ ఇష్టంగా రాసుకున్నాడు. 'సెవెంత్ వార్డ్, రెండో భాగం. భయపెట్టదన్న మాట నగేష్ వాపస్ తీసుకున్నాడు. భయపడ్డవాళ్ళు: కుల్చారం చిలకలు, మెదక్ డిటెక్టివు.'

ఆ పేజీ లామినేషన్ చేయించి గోడకు కొట్టాలని అందరూ అనుకున్నారు. ఊళ్ళో లామినేషన్ మిషను ఇంద్రకరణ్ దగ్గర ఒక్కటే ఉంది.