ముక్కోణం డ్యూటీ

2006లో ఒక సోమవారం పొద్దున లింగం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఫ్యాక్టరీకి వెళ్లడం, ఒకే ఒక్క ఆట ఆడుకోవడం, పదింటికి వచ్చే యజమాని రాజారావును ఉద్యోగం పర్మినెంట్ చేయమని అడగడం.

"ఏడేండ్ల సంది కాంట్రాక్టుల్నే ఉన్నవ్. ఇయ్యాల అడగకుంటే ఇంటికి రాకు," అని తమ ఊరు లక్డారంలో బండి ఎక్కేటప్పుడే భార్య అరుణమ్మ హుకుం జారీచేసింది.

పటాన్‌చెరు దగ్గరి ఆ రసాయనాల ఫ్యాక్టరీలో మురికినీళ్లు శుభ్రం చేసే పంపులకు లింగం ఆపరేటరు. పంపుల గదిలో కొత్త కంప్యూటరు పెట్టారు గాని, అందులో ఏం చూడాలో చెప్పడం మరిచిపోయారు. ఆ లోటును ఎవరో పుణ్యాత్ముడు సీడీలో తెచ్చిన ఆట తీర్చింది. దాన్ని ఎక్కడో ఎవరో ఒక్కడే కూర్చుని తయారుచేశాడట. హీరో లేడు, కథ లేదు, కనీసం మనిషి బొమ్మయినా లేదు. నల్లటి తెర మధ్య ఒక తెల్ల ముక్కోణం, నలువైపుల నుంచీ మీదపడే రంగురంగుల చుక్కలు. కాల్చాలి, తప్పుకోవాలి, ఒకటిన్నర నిమిషంలో చావాలి. చచ్చిన మరుక్షణం వేలు దానంతటదే మళ్లీ మీట నొక్కుతుంది. తన పెళ్లిలో కూడా లింగానికి అంత ఆనందం కలగలేదు.

పదింటికి రావలసిన యజమాని ఎనిమిదింబావుకే వచ్చాడు. యజమానులకు ఈ దురలవాటు ఉంటుంది. తలుపు తెరుచుకునేసరికి లింగం స్కోరు రెండు లక్షల తొంభై వేల దగ్గరుంది. లేస్తే ముక్కోణం చస్తుంది. అందుకని లేవలేదు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు రాజారావు.

వెనకే షిఫ్ట్ ఇన్‌చార్జి వీర్రాజు వచ్చాడు. ఆట అని చెబితే లింగంతోపాటు తనూ ఇంటికే. తెలియదని చెప్పే ఆచారం ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ లేదు.

"నీళ్లు శుభ్రమవుతున్నాయండి. ఆ చుక్కలేమో మురికండి, ముక్కోణమేమో మన యంత్రమండి."

"మరి ఆ అంకె?"

"చచ్చిన మురికండి."

రాజారావు ముఖం వెలిగిపోయింది. "నేనొచ్చినా తల తిప్పలేదు చూశావా! పనంటే అదీ!"

ఆ ఫ్యాక్టరీలో తెరమీద అంకె కనిపిస్తే గంటగంటకూ రిజిస్టరులో రాయాల్సిందే. మధ్యాహ్నానికల్లా ముక్కోణానికి ఒక రిజిస్టరు తెరిచారు. మర్నాటి నుంచి మూడు షిఫ్టులకూ డ్యూటీలు వేశారు. రెండో షిఫ్టు పెద్దాయన మొగులయ్య కళ్లద్దాలు సర్దుకునేలోపే నాలుగు వేలకు చచ్చి, మురికిని తక్కువగా చంపినందుకు మెమో అందుకున్నాడు.

"గా చుక్కలన్ని నా మీదికే వస్తున్నయి లింగం. వాటికి నేనేం జేసిన?" అని వాపోయాడు.

వారం తిరగకుండా ఒక్కో ఆటలో అంకె ఐదు లక్షలకు తగ్గకూడదని నోటీసు అంటించారు. లింగం భోజనం కూడా ఆ కుర్చీలోనే ఎడమచేత్తో తినాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చున్నా కుడిచేతి వేలు కంచాన్ని టకటకా కొట్టేది.

"ఏలు గట్ల కొట్టుకుంటదేంది? దవాఖానకు నడువ్," అంది అరుణమ్మ. దొంగతనంగా ఆడుకున్నంత కాలం ప్రాణమైన ఆట, డ్యూటీ అయ్యేసరికి లింగానికి వెగటు పుట్టింది.

నెల తర్వాత పర్మినెంట్ సంగతి మాట్లాడడానికి రాజారావే లింగాన్నీ వీర్రాజునూ పిలిపించాడు. లింగం ఇక ఆపుకోలేకపోయాడు.

"సార్, గది యంత్రం గాదు. ఉత్త ఆట. నౌకరీల కెల్లి తీసేస్తె తీసెయ్యిండ్రి, గా కుర్చీల మాత్రం కూసోవెట్టకుండ్రి."

వీర్రాజు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. రాజారావు తాపీగా టీ తాగాడు.

"తెలుసయ్యా. మా మనవడు ఇంట్లో ఆడతాడు. నేనూ ఆడతాను. నాది ఏడు లక్షలు."

వీర్రాజు ఒక కన్ను తెరిచి చూశాడు.

"ఇరవయ్యేళ్లుగా ఆ గదిలోకి నేనెప్పుడొచ్చినా ఎవడో ఒకడు గురకపెడుతూ దొరికేవాడు. ఈ నెలలో ఒక్కడూ కునుకు తీయలేదు. ఇంత చవగ్గా మనుషుల్ని మేలుకొలిపే యంత్రం ఎక్కడ దొరుకుతుంది?" అంటూ రాజారావు కాగితం అందించాడు.

అది పర్మినెంట్ ఆర్డరే. హోదా స్క్రీన్ ఆపరేటరు. రోజుకు ఎనిమిది గంటలు ముక్కోణం ముందు, యాభై ఎనిమిదేళ్లు నిండేదాకా. లింగానికి అప్పటికి ముప్పై రెండు.

అరుణమ్మ ఆ సాయంత్రం వాడకట్టంతా మిఠాయి పంచింది. లింగం మాత్రం ఆనాటి నుంచి వీర్రాజు కంటపడకుండా, దొంగచాటుగా వెళ్లి పంపులు చూసుకుని వస్తున్నాడు.