మర్యాద తెలిసిన టూల్

అక్క చుడీదారు ఇస్త్రీ చేస్తూ ఒక సత్యం ప్రకటిస్తున్నాను: ఈ లోకంలో మర్యాదంటూ ఇంకా మిగిలి ఉంటే, అది మా ఆఫీసులోని లోడ్ టెస్టింగ్ టూల్‌లోనే!

జనం ఒక్కసారిగా మీద పడితే వెబ్‌సైటు తట్టుకుంటుందా అని ముందే చూడడం నా ఉద్యోగం. అందుకు టూల్ ఉత్తుత్తి కస్టమర్లను ఎవరి కోసమూ ఆగకుండా లోపలికి తోయాలి. కానీ మాది పెద్దమనిషి తరహా. ముందు వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా తర్వాతివాణ్ణి గుమ్మం తొక్కనివ్వదు. సైటు కునుకు తీసిందా? తనూ చేతులు కట్టుకుని నిలబడుతుంది. సైటు లేచాక, "ఒక్కడికి ఆలస్యమైంది, మిగతా అందరికీ చిటికెలో పనైంది" అని రిపోర్టు రాస్తుంది.

మరి ఆ కునుకు వేళ రావాల్సినవాళ్లో? వాళ్లను పంపనే లేదుగా! రానివాడు విసుక్కోడు. విసుక్కోనివాడు తిట్టడు. ఎంత హాయి!

ఈ లెక్క ఇంట్లోనూ వేసి చూశాను. పొద్దున్నే తమ్ముడు బాత్రూంలో దూరి పాటలందుకుంటాడు. బయట తువ్వాళ్లతో మేమంతా. టూల్ లెక్కలో ఆలస్యమైంది తమ్ముడొక్కడికే!

"ఒరేయ్, అందులోనే కాపురం పెట్టావా?" అని నాన్న తలుపు బాదారు.

"మీరింకా రానట్టే లెక్క నాన్నా" అని నచ్చజెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.

జనం అలా ఆగరనీ, వస్తూనే ఉంటారనీ మేనేజరు దగ్గర ఒకసారి గొణిగాను. "గ్రాఫు పచ్చగా ఉందిగా తల్లీ, నీకెందుకింత దిగులు?" అన్నాడు. సైటు విడుదలైపోయింది.

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సమయం బుక్ చేసుకునే సైటది. బుకింగు ఈరోజొక్కరోజే. ఇంటర్వ్యూ పిలుపు కోసం ఏళ్లుగా ఎదురుచూసిన అక్క, తెల్లారినప్పటి నుంచీ ఫోను ముందు కూర్చుంది. తెర మీద చక్రం తిరుగుతోంది.

"ఏమే, చిటికెలో తెరుచుకుంటుందన్నావు?"

"తెరుచుకుంటుందక్కా. రిపోర్టు చూపించనా?"

"దాన్ని నువ్వే దాచుకో. ఇది గానుగెద్దులా తిరుగుతూనే ఉంది!"

"తిరుగుతోందంటే నువ్వింకా లోపలికి రానట్టు. రానివాళ్లకు ఆలస్యమెలా అవుతుందే?"

చక్రం ఆగింది. ఖాళీలన్నీ నిండిపోయాయని చెప్పింది సైటు. ఆ మాట మాత్రం నిజంగానే చిటికెలో చెప్పింది.

ఇంటర్వ్యూ కోసమని ఇస్త్రీ చేసిన వెచ్చటి చుడీదారు అందించాను. అక్క దాన్ని కుర్చీ మీద పడేసి, నలిగిన బట్టలతోనే సర్టిఫికెట్ల సంచి భుజాన వేసుకుంది. ఇంటర్వ్యూలు జరిగే ఆఫీసు గుమ్మం ముందు నిలబడడానికే కాబోలు.

మా టూల్ అయితే ఫిర్యాదులేమీ లేవని రాసుకునేది. నిజమే మరి, అక్క ఒక్క మాటా అనలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.