రాళ్ళవాగుపల్లె బళ్ళో తెలుగు బందైన రోజు

సబ్ కలెక్టరు గారు బడి చూడటానికి వస్తున్నారన్న రోజు పొద్దున, మార్కాపురంలో తన ఇంటి పెరట్లో పళ్ళు తోముకుంటూ కరుణాకరం గారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఈ రోజు బళ్ళో తెలుగు బందు. ఆయన రాళ్ళవాగుపల్లె ప్రాథమికోన్నత పాఠశాలకు హెడ్మాస్టరు, లెక్కల మనిషి. రెంటిలో ఒకటి తీసేస్తే రెండోది మిగలాలి కదా. తెలుగు తీసేస్తే ఇంగ్లీషు మిగులుతుందని ఆయన లెక్క.

ఆ లెక్క వెనక పెద్ద దిగులే ఉంది. ఆ ఊరి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను తర్లుపాడు హైస్కూల్లో కలిపేస్తారన్న మాట ఏడాదిగా నలుగుతోంది. కలిపితే మగపిల్లలు ఎట్లాగో ఆటోలకు వేలాడుతూ పోతారు. ఆడపిల్లల్ని రోజూ మెయిన్ రోడ్డు దాకా ఎవరు దింపుతారని తల్లులు తమ వెంట మిరప చేలకు తీసుకుపోతారు. కరుణాకరం గారికి ఆ ఆడపిల్లలంటే ప్రాణం. అందుకే మార్కాపురం మీటింగులో అధికారుల ముందు లేచి, మా పిల్లలు ఇంగ్లీషు తప్ప మాట్లాడరు, మా బడి గోడమీద కాకి కూడా ఇంగ్లీషులోనే అరుస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. సబ్ కలెక్టరు గారు ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చినామె. ఆ కాకిని చూడాలన్నారు.

బళ్ళో ఇంగ్లీషు చెప్పేది ఫెబీ టీచరు. ఆమె పాఠం చెప్పే తీరు కరుణాకరం గారికి మొదటి నుంచీ గిట్టదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే క్రైస్తవుల ఉజ్జీవ సభలు జరుగుతాయి. దూరం నుంచి వచ్చిన ప్రసంగీకుడు వేదిక మీద ఒక మాట ఇంగ్లీషులో అంటే, పక్కన నిలబడ్డ తర్జుమా ఆయన అదే గొంతుతో, అట్లాగే చెయ్యి ఊపుతూ, దాన్ని తెలుగులో అంటాడు. జనం ఆమెన్ అంటారు. పిల్లలు మర్నాడు వీధిలో అదే ఆట ఆడుకుంటారు. ఫెబీ టీచరు ఆ ఆటను పట్టుకొచ్చి క్లాసులో పెట్టింది. ఒక పిల్ల లేచి ఇంటి సంగతి తెలుగులో చెప్పాలి, పక్క పిల్ల దాన్ని ఇంగ్లీషు చెయ్యాలి. తర్వాత అటుది ఇటు. తర్జుమా చేసేవాళ్ళు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. అదొక్కటే ఆమె పెట్టిన నియమం.

ఇది బడా, సభా అని కరుణాకరం గారు ఒకసారి నిలదీశారు.

"ఈత నేర్పేటప్పుడు వీపుకు బెండు కడతాము గద సార్. ఇంగ్లీషుకు తెలుగు ఆ బెండు" అంది ఫెబీ.

"మా నాయన నన్ను బెండు లేకుండానే బావిలో తోసినాడు" అన్నారు ఆయన గర్వంగా. ఆయనకు ఈ రోజుకూ ఈత రాదన్న సంగతి ఆమెకు తెలియదు కాబట్టి, వాదన అక్కడితో ముగిసింది.

ఆ పొద్దున బడికి చేరగానే ఆయన పిల్లలందరినీ నిలబెట్టి ఆజ్ఞ జారీ చేశారు. సబ్ కలెక్టరు గారు వచ్చి వెళ్ళేదాకా గేటు లోపల ఒక్క తెలుగు ముక్క వినపడకూడదు. వినపడితే ఆ తరగతికి సాయంత్రం కబడ్డీ లేదు. వంట చేసే నాగేంద్రమ్మకు కూడా అదే ఆజ్ఞ. రెండు భాషల పుస్తకాల్లో తెలుగు పేజీలకు రబ్బరు బ్యాండ్లు వేయించారు. ఫెబీ ఏదో చెప్పబోతే, ఆమెను కూడా ఇంగ్లీషులోనే చెప్పమన్నారు. ఆమె చెప్పింది. ఆయనకు సగమే అర్థమైంది కాబట్టి పట్టించుకోలేదు.

పిల్లలు తెలివైనవాళ్ళు. ఇంగ్లీషు మాట్లాడదామంటే మధ్యలో ఎక్కడ తెలుగు జారిపడుతుందో, కబడ్డీ ఎక్కడ పోతుందో. అంతకంటే నోరు మూసుకోవడం క్షేమం. పెద్దలు ఏ ఆలోచనా లేకుండా చేసే పనులను పిల్లలు ఎంతో ఆలోచించి దాటుతుంటారు. ఐదు నిమిషాల్లో బడి మొత్తం మూగబోయింది. రాగి జావ గ్లాసుల్లో పోసిన చప్పుడు తప్ప ఏమీ లేదు. కరుణాకరం గారు ఆ నిశ్శబ్దం విని, ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ చూడలేదని మురిసిపోయి, స్వాగత వాక్యాలు బట్టీ పట్టడానికి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అప్పుడే పుల్లమ్మ వచ్చింది. ఆమె ఆరో తరగతి కోటికి నాయనమ్మ. మేకలు తోలుకుపోతూ, మనవడు మరిచిపోయిన నీళ్ళ సీసా ఇచ్చి పోదామని గేటు దగ్గర ఆగి కేక వేసింది. కోటి వచ్చాడు, సీసా తీసుకున్నాడు, ఒక్క మాట లేదు. ఏందిరా అని అడిగితే నోటి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. వెనక ఉన్న పిల్లల్ని అడిగింది. అందరూ నోళ్ళ మీద చేతులు పెట్టుకుని తలలు ఊపారు. పుల్లమ్మ ఒళ్ళు జలదరించింది. వంట షెడ్డులో ఉన్న నాగేంద్రమ్మను అడిగింది. ఉద్యోగం పోతుందన్న భయం కొద్దీ నాగేంద్రమ్మ పెదవులు బిగబట్టి, నాకు తోమాల్సిన అంట్లున్నాయి పొమ్మన్నట్టు, జావ గిన్నె వైపు గరిటె చూపించింది.

గరిటె జావ వైపు చూపిందంటే పుల్లమ్మకు ఇంకేం చెప్పాలి. మేకల్ని గాలికి వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. జావ తాగి పిలకాయలకు మాట పడిపోయిందని మొదటి వీధిలో చెప్పింది. రెండో వీధికి వచ్చేసరికి చూపు కూడా పోయింది. మూడో వీధిలో ఏం పోయిందో ఎవరూ నిలబడి వినలేదు. మిరప చేలల్లో ఉన్న తల్లులు కొంగులు బిగించి బడి వైపు పరుగెత్తారు. బైకు మీద తర్లుపాడు పోతున్న పాస్టరు శ్యాంసన్ గారు, సువార్తలో మూగదయ్యం పట్టిన మనిషి సంగతి గుర్తొచ్చి, బండి తిప్పారు. ఒక ముసలమ్మ దిష్టి తీయడానికి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది.

గేటు దగ్గర గోల వినగానే కరుణాకరం గారు సబ్ కలెక్టరు గారు వచ్చేశారనుకున్నారు. బల్లమీద పెట్టిన బంతిపూల దండ అందుకుని బయటికి ఉరికారు. ఆయన చేతిలో దండ చూసేసరికి తల్లుల గుండెలు ఆగినంత పనైంది. ఆ దండ ఎవరి బిడ్డకని ఒకావిడ నేలమీద కూలబడి ఏడ్చింది. ఏమైందో తెలియదు, ఏదో భయంకరమైనదే అయి ఉంటుందని ఆయన కూడా పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందరూ ఉన్నారు. అప్పటికి గానీ ఆయనకు విషయం అందలేదు.

"ఏం కాలేదమ్మా. నేనే వాళ్ళను మాట్లాడొద్దన్నాను" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

నిజం చెబితే గండం గడుస్తుందంటారు. ఇక్కడ ముదిరింది. జావ సంగతి బయటికి పొక్కకుండా పిల్లల నోళ్ళు మూయించాడని ఊరంతా ఒక్కసారిగా అర్థం చేసుకుంది. కోటి తండ్రి ఆదెయ్య వచ్చి హెడ్మాస్టరు చొక్కా పట్టుకున్నాడు.

కరుణాకరం గారు హడలిపోయి పిల్లల వైపు తిరిగి, "స్పీక్! స్పీక్!" అన్నారు.

ఆ పూట ఆయన చేసిన తప్పుల్లో పెద్దది అదే. ఇంగ్లీషులో ఆజ్ఞ వచ్చిందంటే ఇంగ్లీషులోనే మాట్లాడాలని పిల్లలకు తెలుసు. కోటి ఒక అడుగు ముందుకు వేసి, నాయనమ్మ ముందు నిటారుగా నిలబడి, "గుడ్ మార్నింగ్, గ్రాండ్ మదర్. మై నేమ్ ఈజ్ కోటి. హౌ ఆర్ యూ?" అన్నాడు.

పుల్లమ్మ నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి తన ఒళ్ళో పెరిగిన బిడ్డ, తనకే పేరు చెప్పుకుంటున్నాడు, అదీ తెలియని భాషలో. ఆ వెంటనే మిగిలిన పిల్లలందరూ ఎవరి తల్లుల ముందుకు వాళ్ళు వెళ్ళి, చేతులు కట్టుకుని, తమ పేర్లు చెప్పుకున్నారు. తల్లులు బావురుమన్నారు. శ్యాంసన్ గారు కళ్ళు మూసుకుని చెయ్యెత్తి గట్టిగా ప్రార్థించి, కళ్ళు తెరిచి చూశారు. పిల్లలు ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నారు.

"ఇది మన పక్క దయ్యం కాదమ్మా" అన్నారు ఆయన మెల్లగా.

పుల్లమ్మ తేరుకుంది. నాగేంద్రమ్మ చేతిలోంచి జావ చెంబు లాక్కుని హెడ్మాస్టరు ముందు పెట్టింది. "అయివోరా, ఇందులో ఏం లేకుంటే ముందు నువ్వు తాగు. నువ్వు తాగినాక ఏ భాష మాట్లాడతావో చూస్తాము."

తాగక తప్పలేదు. మెడలో ఎవరు వేశారో బంతిపూల దండ, చొక్కా ఆదెయ్య పిడికిట్లో, నోటి నిండా రాగి జావ. సరిగ్గా అప్పుడే గేటు ముందు తెల్ల కారు ఆగి, సబ్ కలెక్టరు గారు దిగారు.

ఆమె వయసులో చిన్నది. తెలుగులో నమస్కారం దాటి రాదు. తెలుగు వచ్చిన తహశీల్దారు ఇంకా దారిలో ఉన్నాడు. ఇక్కడ ఏం జరుగుతోందని ఆమె ఇంగ్లీషులో అడిగారు. కరుణాకరం గారు జావ మింగి, బట్టీ పట్టిన వాక్యాల కోసం వెతికారు. ఒక్కటీ లేదు. ఊరంతా ఒకేసారి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ముఖం బిగుసుకుంది. జావ చెంబు వైపు, ఏడుస్తున్న తల్లుల వైపు చూసి, ఫోను తీశారు. ఆ ఫోను పైకి వెళ్ళిందంటే ఈ పూటే మూడు తరగతులూ తర్లుపాడుకు పోతాయని కరుణాకరం గారికి అర్థమైంది.

ఫెబీ టీచరు వచ్చి ఆయన పక్కన నిలబడింది. నేను చెప్పను సార్, పిల్లల్ని చెప్పనివ్వండని మాత్రం అంది. ఏడో తరగతి కృప పలకరాళ్ళు పరిచిన వరండా మెట్టు మీద నిలబడి ఆయన ముఖంలోకే చూస్తోంది. పొలం పనికి పోయే తల్లి బిడ్డ, బడి పోతే తానూ పోవాల్సిన పిల్ల. ఆయనకు దుఃఖం వచ్చింది.

"మాట్లాడమ్మా. తెలుగు మాట్లాడు, ఇంగ్లీషు మాట్లాడు, నీ ఇష్టం" అన్నారు.

"కబడ్డీ ఉంటాదా సార్?" అంది కృప. ఆ రోజు గేటు లోపల ఆ పిల్ల పలికిన మొదటి తెలుగు అదే.

ఉంటుందని మాట తీసుకున్నాక కృప గొంతు సవరించుకుంది. పుల్లమ్మ, ఈ అయివోరు మా పిలకాయల నోళ్ళు కుట్టేసినాడని మొదలుపెట్టింది. కృప చెయ్యి ఊపుతూ దాన్ని సబ్ కలెక్టరు గారికి ఇంగ్లీషులో అప్పజెప్పింది, అదే కోపంతో, అదే చోట ఆగుతూ. అలవాటు కొద్దీ శ్యాంసన్ గారు ఆమెన్ అన్నారు. ఆ వెనక జనమంతా ఆమెన్ అన్నారు. ఇక ఆపేవాళ్ళు లేరు. పుల్లమ్మ గరిటె సంగతి, దండ సంగతి, దయ్యం సంగతి చెప్పింది. ప్రతి మాటా ఇంగ్లీషైంది. సబ్ కలెక్టరు గారు అడిగినవన్నీ కోటి తెలుగు చేసి పెద్దలకు వినిపించాడు. కరుణాకరం గారు కృప దగ్గరికి వంగి, కాకి సంగతి మాత్రం చెప్పొద్దమ్మా అని గొణిగారు. కాకి సంగతి చెప్పొద్దని హెడ్మాస్టరు గారు అంటున్నారని కృప దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క మాట కూడా మింగకూడదు కదా.

సబ్ కలెక్టరు గారు ఫోను సంచిలో పెట్టి నవ్వారు. తర్వాత నవ్వడం ఆపి, తనను చిన్నప్పుడు ఒక పెద్ద ఇంగ్లీషు బళ్ళో వేశారని, అక్కడ ఇంటి మాట నేరమని, ఏడాది పాటు నోరు తెరవకుండా కూర్చున్నానని చెప్పారు. కోటి తెలుగు చేస్తుంటే జనం ఆమెన్ అనడం మరిచిపోయారు.

"పాపం, ఆ బిడ్డకు గూడా అట్లనే చేసినారంట" అంది పుల్లమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

మూడు తరగతులూ ఇక్కడే ఉండాలని పైకి రాస్తానని సబ్ కలెక్టరు గారు అన్నారు. కోటి నోరు తెరిచేలోగా కృపే దాన్ని తెలుగు చేసింది. ఆదెయ్య హెడ్మాస్టరు చొక్కా వదిలి, నలిగిన చోట చేత్తో సాఫు చేశాడు. కరుణాకరం గారు కళ్ళనీళ్ళు దాచుకోలేదు.

ఆమె కారెక్కబోతూ ఆగి, ఇంకొక మాట చెప్పారు. పిల్లలు ఇంత బాగా ఇంగ్లీషు నేర్చిన ఈ రెండు భాషల పద్ధతి గురించి, సోమవారం మార్కాపురంలో హెడ్మాస్టర్లందరి ముందు కరుణాకరం గారే ప్రసంగించాలట. తాను కూడా వింటారు కాబట్టి, ఇంగ్లీషులో.

కరుణాకరం గారు ఆనందంగా తల ఊపి, చేతులు జోడించి, నవ్వు చెదరనివ్వకుండా కృప చెవి దగ్గర, "సోమవారం నువ్వు గూడా నాతో రావాలమ్మా, నాకంత ఇంగ్లీషు రాదు" అన్నారు.

కృప చెయ్యెత్తి, సభ చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు, దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఏం చెప్పిందో తెలియకపోయినా, ఊరంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది.